వానలకు ముందే మేడ మీద నారు పోయొచ్చా? రోజూ నీళ్లు పోసే తీరిక లేకపోతే?

పోయొచ్చు. హైదరాబాద్‌లో వానలు సాధారణంగా జూన్‌లో మొదలవుతాయి. టమాటా, వంగ, మిరప నారు ఎదగడానికి 25 నుంచి 35 రోజులు కావాలి కాబట్టి మే మొదట్లోనే విత్తండి. టెన్షన్ అంతా ఎండతోనే. 40 డిగ్రీలు దాటితే పైమట్టి మధ్యాహ్నానికే ఎండిపోయి మొలక మాడిపోతుంది.

రోజూ నీళ్లు పోసే తీరిక లేకపోతే, కింది నీళ్లను తనే పైకి లాక్కునే కుండీ చేసుకోండి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్‌ను అడ్డంగా కోయండి. మూతకు చిల్లు పెట్టి పాత నూలు బనియన్ పీలిక దూర్చి, పై ముక్కను తలకిందులుగా కింది ముక్కలో దించండి. కింద నీళ్లు, పైన కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు. ఒట్టి ఎర్రమట్టి వద్దు, గట్టిపడుతుంది. పీలికను ముందే తడపాలి, దాని పై కొస మట్టి సగం దాకా రావాలి. పొడి పీలిక నీళ్లను సరిగా లాగదు. విత్తనం అర సెంటీమీటరు లోతు చాలు. మొలకెత్తేదాకా పైన కూడా కాస్త చిలకరించండి, ఎందుకంటే కింది తేమ పైపొరకు ఆలస్యంగా చేరుతుంది.

షేడ్ నెట్ కింద, ఉదయపు ఎండ తగిలేచోట పెట్టండి. బాటిల్‌కు కాగితం చుడితే పాచి పట్టదు. రెండు ముక్కల మధ్య సందును గుడ్డతో తప్పకుండా మూయండి, లేదంటే డెంగీ దోమలు గుడ్లు పెడతాయి. బెండ మాత్రం నేరుగా పెద్ద కుండీలోనే విత్తుకోండి. వేరు కదిలితే తట్టుకోలేదు.