సొంతంగా పాటలు వదిలేవాళ్లకి స్ట్రీమింగ్ యాప్‌లతో అసలు ఇబ్బంది ఎక్కడొస్తుంది? డబ్బులు తక్కువ రావడమేనా?

ఆరేళ్లుగా సొంతంగా పాటలు చేసి వదులుతున్నా, ఇప్పటికి పదకొండయ్యాయి. అందరూ ముందు అడిగేది డబ్బుల గురించే కాబట్టి ఆ ముక్క చెప్పేస్తా. స్ట్రీమ్‌కి, అంటే పాట ఒకసారి వింటే, ఇంత అని ఖాయమైన రేటు చాలా యాప్‌లలో ఉండదు. చందాలు, ప్రకటనల మీద వచ్చిందాంట్లో వాళ్ల వాటా తీసుకుని, మిగతాది ఒక కుప్పగా పోసి, మొత్తం స్ట్రీమ్‌లలో ఎవరి పాటలది ఎంత శాతమో చూసి పంచుతారు. అంటే మీ పాట తప్ప ఇంకోటి వినని వీరాభిమాని ఉన్నా, అతను కట్టే చందాలో ఎక్కువ భాగం అతనెప్పుడూ వినని స్టార్లకే పోతుంది. సౌండ్‌క్లౌడ్ అనే యాప్ మాత్రం 2021లో ఎవరి పాట వింటే వాళ్లకే డబ్బు వెళ్లే పద్ధతి తెచ్చింది. స్పాటిఫైలో అయితే 30 సెకన్లు వింటేనే స్ట్రీమ్ కింద లెక్క, పైగా 2024 నుంచి గత 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్‌లు లేని పాటకి రికార్డింగ్ రాయల్టీ పైసా రాదు. ఆ గీత దాటని పాటలు కోట్లలో ఉన్నాయి.

ఇవన్నీ తెలిసే దిగాం కాబట్టి సర్దుకుపోవచ్చు. నన్ను ఏడిపించింది వేరే.

పోయినేడాది రోజుకి ముప్పై, నలభై స్ట్రీమ్‌లు వచ్చే ఒక పాటకి ఉన్నట్టుండి ఒకే రోజులో నాలుగు వేలు వచ్చాయి. ఎగిరి గంతేసి మా చెల్లికి స్క్రీన్‌షాట్ పంపా. అది తాపీగా చూసి "అన్నయ్యా, వీళ్లంతా ఒకే ఊళ్లో ఉన్నారేంటి?" అంది. నిజమే, మన భాష తెలిసినవాళ్లు పట్టుమని పదిమంది కూడా ఉండని ఊరు. పాటని సేవ్ చేసుకున్నవాళ్లు సున్నా. వెతికితే అర్థంపర్థం లేని పేరుతో ఒక ప్లేలిస్ట్, అందులో నా పాట. దొంగ స్ట్రీమ్‌లు అమ్ముకునేవాళ్లు అనుమానం రాకుండా సంబంధం లేని పాటల్ని కూడా మధ్యలో కలుపుతారట, అది తర్వాత తెలిసింది. నేను ఎవరికీ రూపాయి ఇవ్వలేదు, ఎవర్నీ అడగలేదు.

తొమ్మిదో రోజు డిస్ట్రిబ్యూటర్ (మన పాటల్ని యాప్‌లకి చేర్చే కంపెనీ) నుంచి మెయిల్: కృత్రిమ స్ట్రీమింగ్ జరిగింది, పాట తీసేశాం, జరిమానా మీ బ్యాలెన్స్‌లోంచి కోసుకున్నాం. యాప్‌వాళ్లని అడిగితే "మీ డిస్ట్రిబ్యూటర్‌తో మాట్లాడుకోండి" అన్నారు. డిస్ట్రిబ్యూటర్‌ని అడిగితే "అది వాళ్ల నిర్ణయం". ఏడు మెయిళ్లు పెట్టా, ఏడింటికీ "ప్రియమైన ఆర్టిస్ట్" అంటూ అదే జవాబు, కామా కూడా మారలేదు. నా పాట గురించి నేను మాట్లాడటానికి మనిషన్నవాడే దొరకలేదు. పెద్ద లేబుల్‌కి ఫోన్ చేయడానికి ఒక నంబర్ ఉంటుంది, మనకి ఫారమ్ ఉంటుంది, అంతే తేడా.

ఆ విసుగులో ఇంకో తప్పు చేశా. పాటని వేరే డిస్ట్రిబ్యూటర్ ద్వారా మళ్లీ పెట్టేటప్పుడు పాత ఐఎస్ఆర్‌సీ కోడ్ (ఒక్కో రికార్డింగ్‌కి ఉండే గుర్తింపు కోడ్) ఇవ్వకుండా కొత్తది తీసుకున్నా. అదే ఆడియో, అదే కోడ్, అవే వివరాలు ఇస్తే పాత స్ట్రీమ్‌ల లెక్క మామూలుగా తిరిగి అతుక్కుంటుంది. నాకు రెండేళ్ల లెక్క పోయి సున్నా నుంచి మొదలైంది.

కాబట్టి ఆ పన్నెండు అక్షరాల కోడ్ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. లెక్క అకస్మాత్తుగా పెరిగితే సంబరపడే ముందు ఏ ఊరి నుంచి, ఏ ప్లేలిస్ట్ నుంచి వస్తున్నాయో చూసి, డిస్ట్రిబ్యూటర్ అడక్కముందే మీరే వాళ్లకి రిపోర్ట్ చేయండి. ఏడాదికోసారి ఫీజు కట్టే డిస్ట్రిబ్యూటర్ అయితే, కట్టడం మానేస్తే పాటల సంగతేంటో చేరేముందే చదవండి, చాలాచోట్ల తీసేస్తారు. "ఇంత కడితే ఇన్ని స్ట్రీమ్‌లు గ్యారంటీ" అన్నవాడి మెసేజ్‌కి జవాబు కూడా ఇవ్వొద్దు. ప్లేలిస్ట్‌లకి పాటలు ఎంచే స్పాటిఫై ఎడిటర్లకి పాట పంపాలంటే విడుదలకి కనీసం వారం ముందు పంపమంటారు, నేను మూడు పాటలకి ఆ సంగతే తెలియక ముందురోజు రాత్రి అప్‌లోడ్ చేశా.

ఇంతకీ ఆ పాట ఇప్పుడు 212 స్ట్రీమ్‌ల దగ్గరుంది. అందులో ఓ ఇరవై మా చెల్లివే అయ్యుంటాయి.