దువ్వెన పళ్ళలా వెళ్ళాలి, అల్లుడూ

అల్లుడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి "వాడికి నువ్వైనా చెప్పరా, నా మాట వినడం లేదు" అంది. స్నేహితుడితో కలిసి బండి మీద పూరీ దాకా పోతానంటున్నావు కదా, నిన్ను ఆపమని అక్క ఉద్దేశం. నేను ఆపడానికి రాయడం లేదులే. మందుల కంపెనీ రెప్పుగా ఇరవై రెండేళ్ళు శాంపిళ్ళ బ్యాగు ట్యాంకు మీద పెట్టుకుని విశాఖ నుంచి ఇచ్ఛాపురం దాకా బండి మీదే తిరిగినవాణ్ణి, ఇప్పుడు నిన్ను వెళ్ళొద్దంటే మీ అత్తే నవ్వుతుంది. కానీ నువ్వు పంపిన మ్యాపు చూశాక మాత్రం నాలుగు మాటలు చెప్పక తప్పదనిపించింది.

విశాఖ నుంచి పూరీ 440 కిలోమీటర్లు, ఒక్క రోజు అని రాసి నీలం గీత గీశావు. పేరేమో "తీరం వెంబడి యాత్ర". ఒరే, ఆ గీత 16వ నంబరు జాతీయ రహదారి. దాని మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా పోయినా నీకు లారీల వెనక రాతలు కనిపిస్తాయి తప్ప సముద్రం కనిపించదు. భీమిలి దాటాక మన ఉత్తరాంధ్ర తీరాన్ని నదులు ముక్కలు ముక్కలుగా కోసేశాయి. గోస్తనీ, చంపావతి, నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా, అన్నీ కొండల్లోంచి దిగి వరసగా వచ్చి సముద్రంలో పడతాయి. హైవే వాటిని లోపలెక్కడో వంతెన మీద దాటుకుని పోతుంది. సముద్రం చూడాలంటే హైవే దిగి పదో ఇరవయ్యో కిలోమీటర్లు లోపలికి పోవాలి, చాలాచోట్ల ఊరితోనే రోడ్డు అయిపోతుంది, మళ్ళీ వెనక్కి రావాలి. దువ్వెన చూశావు కదా, హైవే దాని వెన్ను, తీరానికి పోయే రోడ్లన్నీ పళ్ళు. నీ ప్లాను వెన్ను మీద వేశావు, నేను పళ్ళ మీద వెయ్యమంటున్నాను. కిలోమీటర్లు లెక్కపెట్టకు, మొగలు లెక్కపెట్టు. మొగ అంటే తెలుసుగా, నది సముద్రంలో కలిసే చోటు.

అన్ని పళ్ళూ తిరగాలని కూర్చుంటే నీ సెలవులు చాలవు. మొదటిది ఎలాగూ వదలవు, విశాఖ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు. అదొక్కటే సముద్రం నీ పక్కనే నడిచే రోడ్డు. అక్కడ రీళ్ళు తీసుకునేవాళ్ళు ఎక్కువ, నువ్వు తెల్లవారకముందే బయల్దేరు, ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఎండ పడే వేళకి ఉండు. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు చూసి టిఫిన్ చేసి తగరపువలస దగ్గర హైవే ఎక్కు. మన దేశంలో బాగా పాత మునిసిపాలిటీల్లో భీమిలి ఒకటిగా ఉండేది, 1861 నాటిది, ఇప్పటికీ ఆ ఊరికి తొందర లేదు.

ఆ రోజు శ్రీకాకుళంలో మా ఇంట్లో ఆగు. సాయంత్రం గార మీదుగా శాలిహుండం కొండెక్కి వంశధార మెలికలు తిరుగుతూ సముద్రం వైపు పోవడం చూసి, అక్కణ్ణించి కళింగపట్నం వెళ్ళు. దారిలో శ్రీకూర్మం కూడా ఉంది, గుడిలో తాబేళ్ళుంటాయి. కళింగపట్నంలోనే నా మొదటి బండి ఇసకలో పడింది. సైడ్ స్టాండ్ వేసి లైట్‌హౌస్ చూద్దామని పదడుగులు వేశానో లేదో, స్టాండు మెల్లగా దిగబడి బండి పక్కకి ఒరిగిపోయింది, దగ్గు మందు సీసాలు పగిలి ఆ బ్యాగు నెల్లాళ్ళు తీపి వాసన కొట్టింది. అందుకే చెప్తున్నాను, స్టాండు కింద పెట్టడానికి చిన్న చెక్క ముక్క ఒకటి జేబులో ఉంచుకో. లేదంటే కొబ్బరి డొక్కయినా వెతుక్కో.

మూడో పన్ను బారువ, మహేంద్రతనయ మొగ. కానీ దానికంటే ముందు ఉద్దానం అనే తోటల ప్రాంతం గురించి చెప్పాలి. టెక్కలి దాటాక నౌపడా వైపు ఉప్పు మళ్ళు, తేలినీలాపురంలో చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, అక్కడొక గంట చాలు. పలాసలో జీడిపప్పు కొనుక్కుంటావు, కొనుక్కో. ఆ తర్వాత మాత్రం హైవే మీద దూసుకుపోకు. మందస, వజ్రపుకొత్తూరు, కవిటి, ఈ ఊళ్ళ మధ్య చిన్న రోడ్లున్నాయి, కొబ్బరి, జీడి, పనస తోటల నీడలోంచి పోతాయి. నా ఉద్యోగంలో నాకు దొరికిన లాభమంతా ఆ రోడ్లే అనుకుంటాను. 2018లో తిత్లీ తుపాను వచ్చిన వారానికి వెళ్ళాను, ఆ నీడే లేదు, తలలు తెగిన కొబ్బరి చెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. తిరిగి వేసిన మొక్కలు ఇప్పుడు ఎదిగాయి. ఇంకో సంగతి. అక్కడ ప్రతి ఊళ్ళో కిడ్నీ జబ్బు మనుషులుంటారు, నేను వాళ్ళ డాక్టర్ల దగ్గరికే తిరిగేవాణ్ణి. అరుగు మీద కూర్చున్న ముసలాయన ఫొటోకి బాగున్నాడని కెమెరా ఎత్తకు. కూర్చుని మాట్లాడు, వాళ్ళే కొబ్బరి బొండం కొట్టిస్తారు. మందసలో కోవా మర్చిపోకు.

ఎప్పుడు వెళ్ళాలంటే, దసరా సెలవులన్నావే, అది మాత్రం వద్దే వద్దు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి అదే తేదీన విశాఖ మీద పడింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. ఇంతకంటే ఏం చెప్పాలి? నవంబరు కూడా నమ్మలేం. సంక్రాంతికి అటూ ఇటూ వారం హైదరాబాదు కార్లన్నీ మా జిల్లాలోనే ఉంటాయి, హైవే మీద బండి నడిపినట్టుండదు. జనవరి 20 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మంచి రోజులు. పొద్దున పూట మంచు పడుతుంది, భీమిలి రోజు తప్పితే ఏడున్నరకి ముందు హైవే ఎక్కకు.

హైదరాబాదు నుంచి విశాఖ దాకా ఆరొందల కిలోమీటర్లు బండి మీద వచ్చి మొదటి రోజే నడుం పట్టేయించుకోకు. రైల్లో పార్సిల్ వెయ్యి. ఒక రోజు ముందు వెళ్ళి బుక్ చెయ్యాలి, ఆర్సీ, గుర్తింపు కార్డు జిరాక్సులు కావాలి, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించి గోనెసంచులు కట్టిస్తారు, అద్దాలు నువ్వే విప్పి బ్యాగులో పెట్టుకో. దిగినచోట బండిలో చుక్క పెట్రోలుండదు, బంకు దాకా తోసుకుంటూ పోవాల్సిందే, దానికి నీ స్నేహితుడున్నాడుగా.

రోడ్ల సంగతి. హైవే మీద టోలు బండికి లేదు, ఎడమ పక్క సన్న దారిలోంచి పోవచ్చు. లారీల కంటే నాకు భయం ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే బళ్ళు. లోపలి రోడ్ల మీద వడ్లు, గడ్డి ఆరబోస్తారు. ఎండుగడ్డి మీద ముందు బ్రేకు పట్టావో, నాలాగే నరసన్నపేట దగ్గర మోచేతికి కుట్లు వేయించుకుంటావు. గడ్డి కనపడగానే యాక్సిలరేటర్ వదిలెయ్, బండిని దానంతటది నెమ్మదించనీ. తీరం దగ్గర రోడ్డు మీదకి కొట్టుకొచ్చిన ఇసక్కీ ఇదే మాట. మొగ దగ్గర స్నానానికి మాత్రం దిగకండి, ఇద్దరూ. నీళ్ళు మోకాలి లోతే అన్నట్టుంటాయి, పైనుంచి నది తోస్తుంది, ఆటు సమయంలో సముద్రం లాగుతుంది, ఈత వచ్చినవాళ్ళే పోతుంటారు. దిగాలనిపిస్తే వలలు లాగేవాళ్ళని అడిగి వాళ్ళు చూపించిన చోటే, మోకాళ్ళ వరకే.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా, భాష రాదని టెన్షన్ పడకు. బరంపురంలో తెలుగు బాగానే నడుస్తుంది, గంజాం తీరంలో వేటకి వెళ్ళేవాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళే, పూరీలో పెంటకోట అనే జాలరిపేట కూడా మనవాళ్ళదే. రుషికుల్య మొగ దగ్గర ఫిబ్రవరి, మార్చిలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలకొద్దీ గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి ఆ ఇసక మీదకి బండి, లైటు తీసుకుపోకు, అటవీ శాఖ వాళ్ళు నిలబెట్టిన చోట నిలబడు. అక్కణ్ణించి హైవే మీద చిలికా చుట్టి పోవద్దు. పాలూరు మీదుగా సరస్సుకీ సముద్రానికీ మధ్యనున్న నేల మీద జాన్హికుడా దాకా పోతే, బండ్లని ఎక్కించుకునే పెద్ద పడవ సాతపడా రేవుకి దాటిస్తుంది. దాని వేళలు ముందు రోజే అడిగి పెట్టుకో. పడవ తప్పిపోతే మళ్ళీ గంటలకొద్దీ అక్కడే.

బండికి పెద్దగా ఏం వద్దు. ఉప్పు గాలికి గొలుసు తుప్పు పడుతుంది, రెండు రోజులకోసారి మంచినీళ్ళతో కడిగి ఆయిలు వెయ్యి. నీ బండికి ట్యూబు టైర్లని చెప్పినట్టు గుర్తు, అయితే ఒక ట్యూబు వెంట ఉంచుకో. వెనక కూర్చునేవాడికీ హెల్మెట్ ఉండాల్సిందే. బ్యాగు సగం ఖాళీగా తెచ్చుకో, జీడిపప్పుకి చోటుండాలి.

మొత్తం వెళ్ళడానికి అయిదు రోజులు, తిరిగి రావడానికి రెండు పెట్టుకో. వచ్చేటప్పుడు ఆగాలనిపిస్తే బారువలో ఇంకోసారి ఆగు, అటు వెళ్ళేటప్పుడు తొందరలో ఎలాగూ సరిగ్గా చూడవు.

తేదీ ఖాయమయ్యాక ఫోన్ చెయ్. మీ అత్త పనసపొట్టు కూర చేస్తానంది, పొట్టు ముందే చెప్పి తెప్పించాలి, ఊరికే దొరకదు.

మీ మావయ్య