నాయినను ఉంచే హోం చూసేటప్పుడు

నల్లగొండ

చిరంజీవి అల్లునికి,

నువ్వు వాట్సాప్‌ల పంపిన మూడు హోంల ఫొటోలు చూసిన. గోడలు బాగున్నయి, పూలకుండీలు బాగున్నయి, ముసలోళ్లు బతుకమ్మ ఆడే ఫొటో కూడ బాగుంది. మంచం దిగలేని మనిషికి అవేవీ అక్కరకు రావు. ఫోన్ల చెప్తే సగం మరిచిపోతవని రాస్తున్న. మీ ఇంటామెకు, చెల్లెకు కూడ చదివి వినిపియ్యి.

హోంల పెడితే ఊళ్లె నలుగురు ఏమంటరో అని అడిగినవు. ఆ నలుగురిల ఒక్కరు కూడ అర్ధరాత్రి లేచొచ్చి మీ నాయినను పక్కకు తిప్పరు. మీరిద్దరు నౌకరికి పోయే మనుషులు, మూడో అంతస్తుల రెండు అర్రల ఇల్లు. ఆ ముచ్చట ఇంతటితోని వదిలెయ్యి.

అన్నకు, అంటే మీ నాయినకు, పక్షవాతంతోని కుడి దిక్కు పడిపోయింది, దాంతోని మాట కూడ పోయింది. ఆకలైతుంది అనలేడు, పక్క తడిసింది అనలేడు, ఎవలన్న కసురుకుంటే నీకు చెప్పలేడు. నోరున్న మనిషికి హోం వెతుకుడు వేరు, ఇది వేరు. అందుకే హోం ఎట్లుందని యజమానిని అడిగి తెలుసుకునేది తక్కువ. అక్కడ ఇప్పటికే ఉన్న, మాట రాని వాళ్ల ఒంటిని చూసి తెలుసుకోవాలె. నా సర్వీసంత సర్కారు ఆసుపత్రి వార్డులల్లనే గడిచింది. డ్యూటీ ఎక్కంగనె కేస్ షీట్ల ఏం రాసున్నా, మంచం పుండ్లు లేచినయా అని ముందు మడిమలు చూసేదాన్ని.

మొదలు ఫోన్ల ఒక్కటే అడుగు: మంచం దిగలేని మనిషిని తీసుకుంటరా? చాలా వృద్ధాశ్రమాలు తన పని తాను చేసుకునేటోళ్లనే చేర్చుకుంటయి. అది తప్పు కాదు, వాళ్ల దగ్గర అంతమంది పనోళ్లు ఉండరు. కొద్దిగ నడుస్తడని చెప్పి చేరిస్తే నెల తిరగకముందే వచ్చి తీసుకపొమ్మంటరు. ఉన్నది ఉన్నట్టు చెప్పు: కుడి చెయ్యి కాలు రావు, మాట రాదు, డైపర్, షుగర్‌కు ఇన్సులిన్, వంగిన వెన్ను. ఇవన్ని విని ఒక్క ప్రశ్న కూడ తిరిగి అడగకుండ "తీసుకరాండి సార్, అంత మేం చూసుకుంటం" అన్నడంటే అక్కడికి పోవద్దు. పని తెలిసినోడు అడుగుతడు: పుండ్లున్నయా, మింగుతడా, బరువెంత, రాత్రి నిద్ర పడుతదా అని.

జాగ సంగతి. మియాపూర్ దిక్కు హోం మూడిట్ల పెద్దది, నిజమే. కాని మర్రిగూడ నుంచి మీ చిన్నాయన మాల్, ఇబ్రహీంపట్నం మీదుగ వస్తడు. నేనైతే నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి హయత్‌నగర్‌ల దిగుత. ఎవలొచ్చినా పట్నం ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలంటే పొద్దు గడిచిపోతది, రెండోసారి ఎవలూ రారు. ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ చుట్టుపక్కల చూడు. చిన్నదైనా పర్వాలేదు. ఏ మంచం కాడికి మనుషులు వచ్చిపోతుంటరో ఆ మంచం మీద దుప్పటి తొందరగ మారుతది, ఏ వార్డుల చూసినా ఇంతే.

చెప్పి ఒకసారి పో, చెప్పకుండ ఒకసారి పో. చెప్పకుండ పోయేది ఆదివారం పొద్దుగూకినంక అయితే మంచిది. పగటిపూట మేనేజర్, నర్సు, ఫిజియోథెరపీ పిల్లగాడు అందరుంటరు. రాత్రి ఎనిమిదికి ఎవలుంటరు? మంచాలు లెక్కపెట్టు, పనోళ్లను లెక్కపెట్టు. లేవలేనోళ్లు పది మంది ఉన్న అంతస్తుకు ఒక్క ఆయమ్మ ఉందనుకో. లేవలేనోళ్లను రెండు గంటలకొకసారి పక్క మార్చాలె. ఒక్కొక్కరిని తిప్పి, తడిసిందా చూసి, మార్చి, సర్ది పండబెట్టేసరికి పది నిమిషాలు. పది మందికి వంద నిమిషాలు. అయిపోయి కూసునేలోపు మళ్ల మొదటి మంచం. తెల్లార్లు అట్ల చేసే మనిషి ఎక్కడ ఉండదు. పైగ మీ నాయినను తిప్పాలంటే ఇద్దరు కావాలె.

ఆయమ్మలతోని నిమ్మళంగ మాట్లాడు, యజమాని పక్కన లేనప్పుడు. "ఇక్కడ ఎన్ని రోజులైందమ్మ?" అని అడుగు. అడిగిన ప్రతి మనిషి పోయిన నెలనే వచ్చిన అంటే జీతాలు సరిగ ఇస్తలేరని అనుకోవచ్చు. నర్సు ఉందంటే జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివిందా, బీఎస్సీ నర్సింగా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అడుగు. తెల్లకోటు వేసుకున్న ప్రతి పిల్ల నర్సు కాదు. వైద్యం కూడ చేస్తమని చెప్పే చోట క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ రిజిస్ట్రేషన్ కాగితం, అంటే వైద్యం చేసే చోటుకు సర్కారు ఇచ్చేది, గోడకు ఉండాలె. దాని మీద గడువు తారీఖు చదువు.

ఇగ అసలు చూడాల్సింది. అక్కడ వేరే పేషెంటు కొడుకో బిడ్డో కనపడితే మాట కలుపు. వాళ్లు సరేనంటే కాళ్ల మీది దుప్పటి జరిపి మడిమలు చూడు. పుండ్లు ముందు లేచేది మడిమలకు, నడుము కింది ఎముక మీద, తుంటి పక్కల. ఎర్రగ ఉన్న కాడ వేలు ఒత్తి తియ్యి. తెల్లబడి మళ్ల ఎరుపు వచ్చిందంటే ఇంక చేజారలే. ఒత్తినా ఎరుపు కదలకపోతే పుండు మొదలైనట్టే. మన నల్లటి ఒంటికి ఎరుపు తెలువదు, చేత్తోని ముట్టి చూడాలె. చుట్టూ ఉన్న చర్మం కన్న వేడిగనో గట్టిగనో తగులుతది. గాలి పరుపు ఉందిగద, తిప్పే అవసరం లేదంటరు. గాలి పరుపున్నా తిప్పాల్సిందే. కొన్ని చోట్ల దాని మోటారుకు స్విచ్చే వేసి ఉండది, అది కూడ చూడు.

పక్క మార్చే చార్టు చూపించమను. నేను ఒక హోంల మా సోపతామెను చూడపోయినప్పుడు పగలు పన్నెండుకు ఆ చార్టు తీసి చూస్తే సాయంత్రం ఆరు దాక టిక్కులు పెట్టి ఉన్నయి, అన్ని ఒక్క పెన్నుతోనే. మంచం పక్క బల్ల మీద నీళ్ల సీసా ఉంది, మూత సీలు కూడ తియ్యలే. పైగ ఆ బల్ల ఆమె చచ్చుబడిన చెయ్యి దిక్కు పెట్టిన్రు. నాలుక ఎండి చీలికలు పడ్డది. ఆ రెండు చూసినంక ఇంకేం అడగబుద్ధి కాలే. నువ్వు కూడ నీళ్లు ఏ దిక్కు పెట్టిన్రో, గోళ్ల సందుల మట్టి ఉందా, పెదవుల మూలలు పగిలినయా చూడు. మీ నాయినకైతే నీళ్లు, మనిషిని పిలిచే గంట, అన్ని ఎడమ దిక్కు ఉండాలె.

మూత్రం వాసన కొద్దిగ వస్తే భయపడకు, అప్పుడే ఒకరికి పోయి ఉండొచ్చు. ఇల్లంత గుప్పుమంటే వేరే సంగతి. కండ్లు మండేటట్టు పెనాయిల్ కొట్టి ఉంటే కూడ అనుమానించు.

మూత్రం పైపు ఉన్నోళ్ల బ్యాగు మంచానికి కిందికి వేలాడాలె, నేలకు మాత్రం తాకొద్దు. పగలు పదకొండుకు అందరు గురకపెట్టి పండుకొని ఉంటే నిద్రగోళీలు ఎవలు రాసిన్రని అడుగు. చేతులు మంచానికి కట్టేసి కనిపిస్తే ఇంకో మాట లేకుండ బయటికి రా.

మీ నాయిన సంగతిల పట్నం నర్సులకు తెలువనిది ఒకటుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ఒళ్లు అది. వెన్నుపూస కర్రలెక్క బిగిసి ముందుకు వంగింది, మెడ తిరగదు, మోకాళ్లు పూర తీరుగ చాపుకోవు. వెల్లకిల పండబెడితే బరువంత గూని మీదనే పడి అక్కడ పుండు లేస్తది. తల కింద ఎత్తు, మోకాళ్ల కింద దిండు పెట్టాలె. వీలైనంత సేపు పక్కకే పండబెట్టాలె. ఎముక ఎక్స్‌రేల దట్టంగ కనిపిస్తది గాని గట్టిది కాదు, ఊరికే విరుగుతది. ఫిజియోథెరపీ పిల్లగాడు మోకాలును బలవంతంగ చాపొద్దు. చంకల చేతులేసి గుంజొద్దు, చచ్చుబడిన చెయ్యి పట్టి లేపొద్దు, భుజం కీలు జారుతది. ఇద్దరు కలిసి కింద దుప్పటి పట్టుకొని జరపాలె. ఇదంత ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతోని రాసి మంచం తల దిక్కు గోడకు అంటియ్యి. నువ్వు ఈ మాట చెప్పినప్పుడు నర్సు ముఖం చూడు. దగ్గరికొచ్చి "ఎట్ల తిప్పాలె, చూపించండి" అన్న చోట నేనైతే సగం మార్కులు ఇస్త.

తిండి పెట్టే యాళ్లకు అక్కడ ఉండు. పక్షవాతం వచ్చినోళ్లకు పలుచటి నీళ్లకే పొలమారుతది. కూసోబెట్టి, చిన్న చెంచాతోని, ఒకటి మింగినంకనే ఇంకోటి పెట్టాలె. తిన్నంక అరగంట పండబెట్టొద్దు. పడిపోయిన దిక్కు బుగ్గల మెతుకులు నిలుస్తయి, వేలికి గుడ్డ చుట్టి తీసే ఆయమ్మ ఉంటే ఆ హోం మంచిదే అనుకో. అన్నకు పొద్దున ఇడ్లీ సయించది, జొన్న గటక మెత్తగ, చిక్కగ చేసిస్తరా అడుగు. పెద్ద పనేం కాదు.

ఇన్సులిన్ ఫ్రిజ్‌ల ఉందా, ఫ్రీజర్‌ల పెట్టలేదు కదా చూడు. సీసా మీద తెరిచిన తారీఖు రాసి ఉండాలె, చాలా రకాలు తెరిచినంక 28 రోజులే. షుగర్ 70 కన్న కిందికి పడితే ఏం చేస్తరని రాత్రి డ్యూటీ పిల్లను అడుగు. "డాక్టర్‌కు ఫోన్ చేస్తం" అంటే చాలదు. మింగగలిగితే ముందు చక్కెర నీళ్లు తాగిస్తం, మింగలేకపోతే నోట్ల ఏం పొయ్యకుండ 108కు ఫోన్ చేస్తం అనాలె. లిఫ్టుల స్ట్రెచర్ పడుతదా? రెండంతస్తులు కుర్చీల మోసుకొచ్చే ఇల్లు మీ నాయిన వెన్నుకు పనికిరాదు.

పైసల సంగతి కాగితం మీద రాయించుకో. డైపర్లు, ఫిజియోథెరపీ, డాక్టర్ వచ్చిపోతే ఫీజు, ఇవి నెల పైసలల్ల ఉన్నయా వేరేనా? ఆసుపత్రిల చేరిస్తే ఆ రోజులకు మంచం కిరాయి తీసుకుంటరా? అడ్వాన్సు వాపసు ఎన్ని రోజులకు? ఆరోగ్యశ్రీ ఆసుపత్రి చికిత్సకే గాని హోం ఫీజుకు పనికిరాదు, ఎవలన్న పనికొస్తదంటే నమ్మకు. నాయిన వేలిముద్ర ఏ ఖాళీ కాగితం మీద పెట్టనియ్యొద్దు, సంతకం మీ అన్నచెల్లెల్లే పెట్టున్రి. చెల్లెకు ఎంత భాగమో ఇప్పుడే తేల్చుకోండి, తర్వాత మాట్లాడితే మనసులు విరుగుతయి.

చేర్చినంక మొదటి నెల ఒక్క టైముకు పోవద్దు. ఒకసారి పొద్దున, ఒకసారి రాత్రి, ఒకసారి నడి పగలు పో. లోపం కనపడితే ఆయమ్మ మీద అరవకు, నువ్వు పోయినంక నాయిన ఆమె చేతులల్లనే ఉంటడు. మేనేజర్‌కు రాతల ఇయ్యి, తారీఖు వేసి. దసరాకు ఆమెకు చీర పెట్టు, యజమానికి మిఠాయి డబ్బ అక్కర్లేదు. కొట్టిండ్రనో ఆకలికి ఉంచిండ్రనో అనుమానమొస్తే 14567, ముసలోళ్ల కోసం పెట్టిన ఫోన్ నెంబర్, పైసలు పడవు.

డిశ్చార్జి కాగితం, మందుల చీటీలు రెండు రెండు జిరాక్సులు తీయించి ఉంచు. కండ్లద్దాలు, కట్టుడు పండ్లు మరువకు, డబ్బ మీద పేరు రాయి. నువ్వు మొదలు చూసి రా, నచ్చింది ఒక్కటి ఎంచు. రెండోసారి పోయేటప్పుడు నాకు ఒకరోజు ముందు చెప్తే పొద్దున బస్సుకే వస్త.

మీ మేనత్త