పొత్తులో గింజ లేని చోట ఏ దశ ఆగిపోయింది?

ప్రశ్న: పెరట్లో గోడ వెంట ఒకే వరుసలో మొక్కజొన్న వేశాము. పొత్తుల్లో కొన్ని చోట్ల గింజలే లేవు, కొసన ముడుచుకుపోయిన చిన్న గింజలున్నాయి. లైంగిక ప్రత్యుత్పత్తిలో ఫలదీకరణకు ముందు, ఫలదీకరణ, ఆ తరువాత అని మూడు దశలుంటాయని మా అమ్మాయి చదువుతోంది. మా పొత్తుల్లో లోపం ఏ దశలో జరిగింది?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మీరు గమనించిన రెండు లోపాలు రెండు వేర్వేరు దశలకు చెందినవి. గింజ అసలే లేని చోట ఫలదీకరణ, అంటే పురుషబీజం స్త్రీబీజంతో కలవడం, జరగలేదు. ముడుచుకుపోయిన గింజలున్న చోట అది జరిగింది గానీ, తరువాతి ఎదుగుదల మధ్యలో నిలిచిపోయింది.

మొక్కజొన్నలో మగపూలు మొక్క తలపైన, ఆడపూలు పొత్తులో ఉంటాయి. పొత్తు కొసన వేలాడే పీచులో ఒక్కొక్క పోగు ఒక్కొక్క అండాశయం నుంచి వస్తుంది కాబట్టి, ఎన్ని గింజలుంటే అన్ని ఫలదీకరణలు విడివిడిగా జరిగాయన్నమాట. మొదటి దశలో, 20 క్రోమోజోములున్న కణాల నుంచి క్రోమోజోముల సంఖ్యను సగం చేసే క్షయకరణ విభజన వల్ల 10 మాత్రమే ఉన్న సంయోగబీజాలు (పురుషబీజాలు, స్త్రీబీజాలు) ఏర్పడతాయి, గాలికి రాలిన పుప్పొడి పీచు మీద పడుతుంది. ఒకే వరుసలో వేసినప్పుడు పుప్పొడిలో చాలా భాగం పక్కకు కొట్టుకుపోతుంది; మీ పెరట్లో పంట దెబ్బతిన్నది బహుశా ఇక్కడే.

పోగు మీద పడిన రేణువు నుంచి సన్నని నాళం మొలిచి, పోగు పొడవునా సాగి, సుమారు ఒక రోజులో అండాన్ని చేరి రెండు పురుషబీజాలను అందిస్తుంది. ఒకటి స్త్రీబీజంతో కలిసి 20 క్రోమోజోముల సంయుక్తబీజమవుతుంది. రెండవది అండంలోనే ఉండే రెండు ధ్రువ కేంద్రకాలతో కలవడం వల్ల 30 క్రోమోజోములతో అంకురచ్ఛదం, అంటే గింజలోని ఆహారపు భాగం, మొదలవుతుంది. 1898లో రష్యా శాస్త్రవేత్త సెర్గీ నవాషిన్ లిల్లీ కుటుంబపు మొక్కల్లో గుర్తించిన ఈ ద్విఫలదీకరణ జంతువుల్లో లేదు. పాఠమంతటిలో నాకు అత్యంత ఆశ్చర్యకరంగా తోచేది ఇదే, ఎందుకంటే మనం తినే గింజలో అధికభాగం పిండం కాదు, ఆ పిండానికి ఆహారంగా రెండవ కలయికలో పుట్టిన అంకురచ్ఛదమే.

మూడవ దశలో సంయుక్తబీజం పిండంగా ఎదుగుతుంది, అండాశయపు గోడ విత్తనపు పొరతో అతుక్కుపోయి గింజ పైపొట్టు అవుతుంది. కొస గింజలు ఆలస్యంగా మొదలవుతాయి కాబట్టి, అప్పుడు నీరు గానీ పోషకాలు గానీ చాలకపోతే ముందుగా ఎండిపోయేవి అవే.

ఈసారి నాలుగైదు పొట్టి వరుసలుగా, చదరంగా విత్తండి, పీచు వచ్చే వేళకు తడి ఆరనివ్వకండి. పీచు వచ్చిన వారం పదిరోజులకు ఒక పొత్తు పొరలు మెల్లగా విప్పి విదిలిస్తే, ఫలదీకరణ జరిగిన అండాశయాల పోగులు ఊడి రాలిపోతాయి, జరగనివి అంటుకునే ఉంటాయి. మీ అమ్మాయి రెండవ దశను కళ్లారా చూడవచ్చు.