క్యారెట్ సంగతి సరే, ఆ వణుకు ఎందుకొస్తోంది?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున, రాత్రి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటాను. నెల రోజులుగా అన్నం, సంగటి మానేసి కూరగాయలు, సలాడ్ తింటున్నాను. 4 కిలోలు తగ్గాను. రోజూ బండి మీద తిరుపతికి వెళ్లొస్తాను. 11 గంటలప్పుడు కాస్త చెమట, వణుకు వస్తున్నాయి. కొవ్వు కరుగుతోందని స్నేహితులంటున్నారు. సలాడ్‌లో క్యారెట్, బీట్‌రూట్ వేసుకోవచ్చా?
- ఓ పాఠకుడు, చంద్రగిరి

సలహా: క్యారెట్ వేసుకోండి. బీట్‌రూట్ కొద్దిగా అయితే ఫర్వాలేదు. ఆలుగడ్డ, చామగడ్డ, కంద మాత్రం తగ్గించండి. పచ్చివి తినేముందు బాగా కడగండి.

ఇక ఆ చెమట, వణుకు గురించి. కొవ్వు కరిగితే చేతులు వణకవండీ. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, ఇది షుగర్ పడిపోవడంలాగే ఉంది. మీరు తిన్నారా లేదా అని గ్లిమిపిరైడ్ చూడదు, ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. మీరు అన్నం, సంగటి తింటున్న రోజుల్లో రాసిన మోతాదు అది. ఒక కప్పు అన్నంలో పిండిపదార్థం 40 గ్రాములకు పైనే ఉంటుంది. 100 గ్రాముల కీరాలో 4 గ్రాముల లోపే. తిండి అంత తగ్గి, మాత్ర అలాగే ఉంటే ఏమవుతుందో ఆలోచించండి.

ఈసారి వణుకు రాగానే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. పెరగకపోతే ఇంకోసారి తాగండి. తేరుకున్నాక ఏదైనా తినండి. మీటర్ దగ్గర లేకపోతే దానికోసం ఆగొద్దు, ముందు చక్కెర తీసుకోండి. బండి మీదుంటే వెంటనే పక్కకు ఆపేయండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి.

బరువు తగ్గడం మంచిదే, కాదనను. కానీ అన్నం మానే ముందు మీ డాక్టరుకు ఒక్క మాట చెప్పాల్సింది. ఓపీలో ఇలాంటివాళ్లను చూస్తూనే ఉంటాను. వీడియో చూసి తిండి మార్చేస్తారు, మాత్రల సంగతి ఎవరికీ చెప్పరు. ఇంకొందరు మెడికల్ షాపులో అడిగి మాత్రలే మార్చేసుకుంటారు. డాపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు వాడేవాళ్లు పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే, షుగర్ పెద్దగా పెరగకపోయినా రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు పొటాషియం వల్ల టమాటా, ఆకుకూరల్లోనూ జాగ్రత్త అవసరం. పక్కింటాయనకు పడిన డైట్ మీకూ పడుతుందనుకోవద్దు.

ఇది చదివి మీ అంతట మీరే మాత్రను సగానికి విరవొద్దు. ఈరోజే మీ డాక్టరుకు ఫోన్ చేయండి. ఆయన మోతాదు మార్చేదాకా మాత్ర వేసుకునే పూటల్లో కొద్దిగా సంగటో, అన్నమో తినండి. వెళ్లేటప్పుడు మాత్రల షీటు, రీడింగులు రాసిన కాగితం తీసుకెళ్లండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి ఏడాది దాటి ఉంటే ఆ పరీక్ష కూడా అడిగి చేయించుకోండి.