గోధుమ కార్డు ఇవ్వలేదని పది రోజులుగా మాటల్లేవు

ప్రశ్న: మాది కాజీపేట. పెళ్లయి నాలుగేళ్లు, మూడేళ్ల పాప ఉంది. ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. మా ఆయన ఇంజినీరింగ్ దోస్తులు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడల్లా హనుమకొండలో ఒక పబ్‌లో కలుస్తారు. తాగడం తక్కువే, ఎక్కువసేపు బోర్డ్ గేములు ఆడుకుంటారు. మొన్న మొదటిసారి నన్నూ తీసుకెళ్లారు. మేమిద్దరం, ఆయన దోస్తు, వాళ్లావిడ కలిసి కటాన్ అనే ఆట ఆడాం. వాళ్లావిడ రెండు ఇటుక కార్డులు ఇస్తానంటే నా గోధుమ కార్డు ఆమెకిచ్చాను. అది మా ఆయనకు కావాలట. ‘నీకేం తెల్వదు, ఇటియ్యి’ అని నా చేతిలోని కార్డులన్నీ లాక్కుని, నా బదులు కూడా తనే ఆడారు. ‘వదిన ఆటలో అరటిపండు’ అని దోస్తు అంటే అందరూ నవ్వారు, ఈయనతో సహా. ఓడినవాళ్లు బిల్లు కట్టాలని నా మీద జోకులు కూడా. వచ్చేటప్పుడు రెండు బీర్లు తాగిన మనిషే నా స్కూటీ నడిపారు. పది రోజులుగా మా మధ్య మాటల్లేవు. ‘ఆటే కదా’ అంటారాయన. అత్తమ్మకేమో దోస్తు ఇంట్లో భోజనమని అబద్ధం చెప్పాం. ఇక ఆయన్ని ఆ పబ్‌కు పోనివ్వొద్దని ఉంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, కాజీపేట

జవాబు: ముందు ఆట సంగతి తేల్చేద్దాం. మీరు తప్పేమీ ఆడలేదు. కటాన్ 1995లో జర్మనీలో వచ్చిన ఆట. ఇటుక, కలప, ఉన్ని, గోధుమ, ఖనిజం కార్డులు ఒకరితో ఒకరు మార్చుకుంటూ దారులు వేసుకోవాలి, ఊళ్లు కట్టుకోవాలి. ముందుగా 10 పాయింట్లు ఎవరికొస్తే వాళ్లు గెలిచినట్టు. బదులు ఏమీ తీసుకోకుండా ఊరికే కార్డు ఇచ్చేయకూడదని రూల్స్‌లోనే ఉంది. అంటే కట్టుకున్న మొగుడైనా బేరమాడే తీసుకోవాలి. ఒక కార్డుకు రెండొస్తుంటే మీరు ఇచ్చారు. మొదటిసారి ఆడే మనిషికి అంతకంటే తెలివైన ఎత్తు ఏముంటుంది?

పైగా ఆ పాటల హోరులో, ముగ్గురు మూడు వైపుల నుంచి రూల్స్ చెబుతుంటే ఎవరి బుర్రకైనా ఎక్కదు. చిన్నప్పుడు అష్టాచెమ్మా ఆడే ఉంటారు. నాలుగు గవ్వలూ బోర్లా పడితే ఎంత, వెల్లకిలా పడితే ఎంత, ఏ గడిలో కాయ చావదు, ఎవరి కాయను ఎప్పుడు చంపాలి... ఇవన్నీ కూర్చోబెట్టి ఎవరైనా పాఠం చెప్పారా? అరుగు మీద నాలుగు ఆటలు చూశాక అవే వచ్చాయి. కాబట్టి ‘నాకు తెలివి లేదేమో’ అనే అనుమానం మనసులో ఏ మూలనున్నా తీసేయండి.

ఇక మీ ఆయన సంగతి. ఆ టేబుల్ దగ్గర కూర్చున్నది నలుగురు, ఆయన లెక్కలో మాత్రం ఆడేవాళ్లు ముగ్గురే. మీ కార్డులు కూడా తనవే అనుకున్నారు. చాలామంది మగవాళ్లకు ఇది తప్పని కూడా తట్టదు. ‘మా ఆవిడే కదా’ అనుకుంటారు, అంతే. అదే దోస్తు చేతిలోంచి లాక్కోగలరా? చెయ్యి పట్టుకుని ఆపేవాడు. మీరు ఆపలేదు, ఎందుకంటే నలుగురిలో గొడవెందుకని సర్దుకున్నారు. ఆ సర్దుకున్నదే ఇప్పుడు పది రోజుల మౌనమైంది.

మీరు రాయని విషయం ఒకటి అడుగుతాను, మీకు మీరే జవాబు చెప్పుకోండి. మీ జీతం పడే ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉంటుంది? పుట్టింటికి ఎప్పుడు వెళ్లాలో, ఎన్నాళ్లుండాలో ఎవరు చెబుతారు? మీ ఫోన్ కూడా ఇలాగే చేతిలోంచి లాగేసుకుంటారా? వీటికి జవాబులు కూడా ‘ఆయనే’ అయితే దీన్ని పబ్‌లో జరిగిన చిన్న గొడవగా తీసిపారేయొద్దు. అప్పుడు వివరంగా మళ్లీ రాయండి, లేదా మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి మాట్లాడండి. మీ ఉత్తరం చూస్తే అంత దూరం వెళ్లినట్టు నాకు అనిపించలేదు. మిగతా సంసారం బాగానే నడుస్తోందన్న నమ్మకంతో కింది మాటలు చెబుతున్నాను.

మాట్లాడటం మీరే మొదలుపెట్టండి. తగ్గడం అనుకోకండి. ‘ఆటే అయితే మరి మీకంత కోపమెందుకొచ్చింది?’ అనే ప్రశ్న మీ నాలుక చివర ఉండే ఉంటుంది. వాదనలో గెలవడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది, అందుకే వద్దంటున్నాను. పాప పడుకున్నాక, టీవీ కట్టేసి, ఒక్క సంగతే చెప్పండి: ‘నా చేతిలో కార్డులు లాక్కుంటే నలుగురిలో తల కొట్టేసినట్టయింది. దోస్తు నన్ను అంటుంటే మీరూ నవ్వారు. ఇంకోసారి ఇట్లయితే ఆట మధ్యలోనే లేచి ఇంటికొచ్చేస్తా.’ ఇంతే. బిల్లు జోకులు, పబ్ ఖర్చు, పెళ్లిలో మీవాళ్లకు మర్యాద తక్కువైన సంగతి... ఇవేవీ ఆ రాత్రి ముందుకు రానివ్వకండి. వస్తే ఆయన వాటిలో తేలికైనది పట్టుకుని, అసలుది వదిలేస్తారు.

పబ్‌కు పోనివ్వొద్దన్న ఆలోచన మాత్రం మానుకోండి. ఊరు విడిచిన దోస్తులు వచ్చినప్పుడు కలిసి బోర్డు చుట్టూ కూర్చోవడం వ్యసనమేమీ కాదు. పైసలు పెట్టి పేకాట ఆడే సిట్టింగులతో విసిగిపోయి నాకు రాసే అక్కాచెల్లెళ్లను అడిగితే మీది అదృష్టమంటారు. మీరు ఆపితే ఆయన మానరు, అత్తమ్మకు చెప్పినట్టే మీకూ ఏదో ఒక భోజనం కథ చెబుతారు.

మీరు మళ్లీ వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే, ముందు మీకు రెండు ఇటుకలిచ్చిన ఆవిడకు ఫోన్ చేయమంటాను. ఆ టేబుల్ మీద మిమ్మల్ని ఆడే మనిషిగా చూసి బేరమాడింది ఆమె ఒక్కతే. ఈసారి వాళ్లు వచ్చినప్పుడు మీ ఇంటికే పిలవండి. పాటల గోల ఉండదు, పాప కళ్లముందే ఉంటుంది. కటాన్ మీద విరక్తి పుడితే క్యారమ్ బోర్డు తీయండి, మీరూ ఆవిడా ఒక జట్టు. స్ట్రైకర్ మీ వేలి కింద ఉంటే మీ బదులు ఎవరూ కొట్టలేరు. బిల్లు ఓడినవాళ్ల నెత్తిన పెట్టే పద్ధతికి మాత్రం స్వస్తి చెప్పించండి, సమానంగా పంచుకోవడమే మంచిది.

వీటన్నిటికీ కాస్త టైమ్ పట్టినా ఫర్వాలేదు కానీ స్కూటీ సంగతి ఇవాళే తేలాలి. ‘రెండు బీర్లేగా’ అనడం కుదరదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. ఆ మోతాదు ఎన్ని గుక్కలకు దాటుతుందన్నది మనిషి ఒంటిని బట్టి, తిన్న తిండిని బట్టి మారుతుంది. మొదటిసారి దొరికితేనే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ రాత్రి వెనక సీట్లో మీరున్నారు, ఇంట్లో పాప నిద్రపోతోంది. బండి మీది. కాబట్టి వెళ్లేటప్పుడే తాళంచెవి మీ బ్యాగులో వేసుకోండి, వచ్చేటప్పుడు మీరే నడపండి. మీరు లేని రోజున ఆటో. దీని మీద బేరాల్లేవు.

ఇక అత్తమ్మ విషయం. ఆమెకు నిజం చెప్పాల్సింది ఆమె కొడుకే. మీరు నోరు తెరిస్తే కోడలు పబ్‌కు పోయిందన్న మాట మీ మీదికొస్తుంది, తీసుకెళ్లిందెవరన్నది పక్కకు పోతుంది. ‘హనుమకొండలో కలిశాం, ఆటలాడాం, నేను బీరు తాగాను’ అని ఆయన్నే చెప్పమనండి. ఆయన చెప్పేదాకా మీరు కొత్త అబద్ధమేదీ జత చేయొద్దు. ఆమె గుచ్చి అడిగితే ‘మీ కొడుకునే అడగండి అత్తమ్మా’ అనేయండి.