మూడు పాత డిస్ట్రిబ్యూటర్ల నుంచి ఒక మంచి డిస్ట్రిబ్యూటర్

పాత కార్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా పాత పెట్రోల్ అంబాసిడర్‌లో డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ అటూ ఇటూ ఊగుతోంది. ఆటోనగర్‌లో పాత సామాన్ల షాపులో చూడ్డానికి అలాంటివే మూడు దొరికాయి. దేనికదే పూర్తిగా బాగాలేదు. మూడింటిలోంచి మంచి పార్టులు ఏరుకుని ఒకటి తయారు చేసుకోవచ్చా?
– విజయవాడ పాఠకుడు

జవాబు: చేసుకోవచ్చు. డిస్ట్రిబ్యూటర్ అంటే ఒక్కో సిలిండర్‌కు వరుసగా స్పార్క్ పంపే భాగం. కాకపోతే ఒక్కో పార్టును విడివిడిగా చూసి మెరిసేదల్లా ఏరుకుంటే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది కానీ సరిగ్గా లాగదు. పార్టుల్ని జట్లు జట్లుగా తీసుకోవాలి. ఏది దేనితో జట్టు అన్నదే ఇక్కడ అసలు సంగతి.

అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ బ్రిటన్‌లోని బీఎంసీ వారి బీ-సిరీస్. దాని మీద కనిపించే లూకస్ 25డీ4 తరహా డిస్ట్రిబ్యూటర్‌నే అక్కడ మినీ, ఎంజీబీ కార్లకు కూడా వేశారు. బయటి కొలతలు దాదాపు ఒకటే కాబట్టి ఒకదాని పార్టు ఇంకొకదానిలో ఇట్టే కూర్చుంటుంది. లోపల అడ్వాన్స్ (వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరపడం) మాత్రం ఏ ఇంజిన్‌కు తగ్గట్టు దానికి వేరు. బాడీ మీద కొట్టి ఉన్న నంబరు ఆ తేడాను చెప్పడానికే. ముందుగా మూడింటి నంబర్లూ రాసుకోండి. అయితే ఇంతకుముందే ఎవరో విప్పి కలిపిన వాటిలో నంబరు బాడీది, లోపలి సరుకు ఇంకెవరిదో అయి ఉండొచ్చు. నంబరును పూర్తిగా నమ్మకండి.

మొదటి జట్టు: బాడీ, బుష్ (షాఫ్ట్ తిరిగే గొట్టం), షాఫ్ట్, కింది డాగ్ (ఇంజిన్‌లో కూర్చుని షాఫ్ట్‌ను తిప్పే కొస). రోటర్ (పైన తిరుగుతూ స్పార్క్‌ను పంచే ముక్క) తీసేసి, దాని కింద పాయింట్లను తెరిచే కామ్‌ను వేళ్లతో పట్టుకుని పక్కలకు ఊపండి. స్పార్క్ కోసం కరెంట్‌ను తెంచే పాయింట్ల మధ్య గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. షాఫ్ట్ 0.1 మి.మీ. ఊగినా అందులో పావు వంతు పోయినట్టే. ఒక సిలిండర్‌కు స్పార్క్ ముందుగా, మరోదానికి ఆలస్యంగా పడుతుంది. తక్కువగా ఊగే బాడీని షాఫ్ట్‌తో సహా ఉంచుకోండి. మూడూ ఊగుతుంటే అరగని షాఫ్ట్ ఉన్నదాన్ని ఎంచుకుని కొత్త బుష్ వేయించండి. నూనె పీల్చుకునే రకం కంచు బుష్ కావాలి. బిగించే ముందు దాన్ని ఇంజిన్ ఆయిల్‌లో 24 గంటలు నానబెట్టాలి. తొందరైతే బుష్‌ను 100 డిగ్రీల వేడి ఆయిల్‌లో రెండు గంటలు ఉంచి, అందులోనే చల్లారనివ్వాలి. లేత్ షాపులో మామూలు ఇత్తడి కడ్డీ తిప్పి బుష్ చేసిస్తామంటే ఒప్పుకోకండి. దానికి నూనె పట్టే గుణం లేదు కాబట్టి త్వరగా అరిగి షాఫ్ట్‌నూ తినేస్తుంది. కొత్త బుష్‌ను రీమర్‌తో పెద్దది చేయించడమూ తప్పే, దాంతో లోపలి సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి.

డాగ్‌ను షాఫ్ట్‌కు పిన్‌తో కొట్టి ఉంటారు. ఆ పిన్ రంధ్రం రెండింటినీ కలిపి పెట్టి వేసింది. ఒకదాని డాగ్ ఇంకొకదాని షాఫ్ట్‌కు తొడిగితే రంధ్రాలు కలవకపోవచ్చు. అందుకని రెండూ విడదీయకండి. డాగ్ నాలుక సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. బుష్ కోసం విప్పక తప్పకపోతే, రోటర్ గాడి ఎటు ఉన్నప్పుడు నాలుక ఎటు జరిగి ఉందో ముందే గీత పెట్టుకోండి. తిరగేసి బిగిస్తే రోటర్ 180 డిగ్రీలు తప్పుతుంది.

రెండో జట్టు, అన్నిటికంటే ముఖ్యమైనది: కామ్, రెండు వెయిట్లు, రెండు స్ప్రింగులు. కామ్ అడుగున చిన్న అంకె కొట్టి ఉంటుంది. 10 అని ఉంటే ఆ కామ్ డిస్ట్రిబ్యూటర్ లెక్కలో 10 డిగ్రీల వరకు ముందుకు జరుగుతుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక్క చుట్టే తిరుగుతుంది కాబట్టి ఇంజిన్ దగ్గర అది 20 డిగ్రీలు. ఎంత వరకు జరగాలో కామ్ నిర్ణయిస్తే, ఏ వేగంలో ఎంత జరగాలో స్ప్రింగులు నిర్ణయిస్తాయి. రెండు స్ప్రింగులూ ఒకేలా ఉండవు. సన్నది మొదటి నుంచీ లాగుతుంది. మందమైనదాని కొక్కెం కొంచెం వదులుగా ఉంటుంది, వేగం పెరిగాకే అది పనిలోకి దిగుతుంది. ఆ వదులును చూసి సాగిపోయిందనుకుని కొక్కెం నొక్కేస్తారు, లేదా బలంగా ఉన్నాయని రెండు వైపులా మందమైనవే వేస్తారు. రెండూ పొరపాటే. అడ్వాన్స్ ఆలస్యంగా వస్తుంది, పికప్ పోతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. రెండు వైపులా సన్నవే వేస్తే దీనికి ఎదురు: అడ్వాన్స్ తొందరపడి లోడ్ మీద నాకింగ్ (సిలిండర్లలో టకటక చప్పుడు) మొదలవుతుంది.

ఈ అయిదూ ఒకే డిస్ట్రిబ్యూటర్ నుంచి రావాలి. మీ ఇంజిన్ మాన్యువల్‌లో చెప్పిన గరిష్ఠ అడ్వాన్స్‌కు సరిపోయే కామ్ ఎందులో ఉందో అందులోంచి జట్టుగా దించండి. రోటర్ కింద కామ్ మధ్యలో ఉన్న స్క్రూ విప్పి, స్ప్రింగులు వదులు చేస్తే కామ్ పైకి వస్తుంది. కామ్ కూడా రెండు విధాలుగా కూర్చోగలదు, కాబట్టి ఇక్కడా గీత పెట్టుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు వెయిట్ల పిన్నులకు పలచని గ్రీజు, షాఫ్ట్ తలకు నూనె పట్టించండి. కామ్‌ను చేత్తో తిప్పి వదిలితే స్ప్రింగులు దాన్ని వెనక్కి లాగాలి. మధ్యలో ఆగిందంటే లోపల తుప్పో ఎండిన గ్రీజో ఉంది.

కారుకు బిగించాక టైమింగ్ లైట్ (స్పార్క్ పడే క్షణాన్ని పుల్లీ గుర్తు మీద చూపే లైటు) పెట్టి చూడకుండా పని అయిపోయిందనుకోవద్దు. కార్బొరేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వాక్యూమ్ పైపు ఊడదీసి కార్బొరేటర్ వైపు మూసేయండి. ఐడిల్ దగ్గర ఒకసారి, తర్వాత 1000, 2000, 3000 ఆర్‌పీఎం దగ్గర చూసి, మాన్యువల్‌లోని అంకెలతో పోల్చండి. క్రాంక్ పుల్లీ మీద అన్ని డిగ్రీలకు గుర్తులు ఉండవు కాబట్టి మీరే పెట్టుకోండి. పుల్లీ వ్యాసం 130 మి.మీ. ఉంటే చుట్టుకొలత 408 మి.మీ., అంటే ఒక్కో డిగ్రీకి 1.13 మి.మీ. 20 డిగ్రీల గుర్తు దాదాపు 22.7 మి.మీ. దూరంలో పడుతుంది.

ప్రశ్న: వాక్యూమ్ యూనిట్ మీద 5-13-10 అని ఉంది. ఇంకో యూనిట్ మీద వేరే అంకెలున్నాయి. ఏది వేయాలి? ఘాట్ ఎక్కేటప్పుడు బండి నాకింగ్ కొడుతోంది, ఇదే కారణమా?
– విశాఖపట్నం పాఠకుడు

జవాబు: వాక్యూమ్ యూనిట్ ఇంజిన్ పీల్పుతో స్పార్క్‌ను ముందుకు జరుపుతుంది. దాని మీద మొదటి అంకె ఎన్ని అంగుళాల పాదరసం వాక్యూమ్ దగ్గర లాగడం మొదలవుతుందో, రెండోది ఎక్కడ పూర్తిగా లాగుతుందో, మూడోది డిస్ట్రిబ్యూటర్ లెక్కలో ఎన్ని డిగ్రీలు తిప్పుతుందో చెబుతాయి. అంటే మీది 5 అంగుళాల దగ్గర మొదలై, 13 దగ్గర 10 డిగ్రీలు, క్రాంక్ దగ్గర 20 డిగ్రీలు ఇస్తుంది. మాన్యువల్ చెప్పిన అంకెలకు దగ్గరగా ఉన్నదే వేయండి.

పరీక్ష తేలిక. పైపు మూతికి నోరు పెట్టి లాగితే బేస్ ప్లేట్ కదలాలి. నాలుకతో రంధ్రం మూస్తే అక్కడే నిలబడాలి. మెల్లగా వెనక్కి పోతే డయాఫ్రమ్ చిరిగింది. అలాంటి యూనిట్‌తో బండి నడుస్తుంది కానీ మైలేజీ పడిపోతుంది, పైపు ద్వారా గాలి చొరబడితే నడక కూడా చెడుతుంది.

ఘాట్ మీద నాకింగ్‌కు మాత్రం దీన్ని అనుమానించకండి. థ్రాటిల్ పూర్తిగా తొక్కినప్పుడు వాక్యూమ్ దాదాపు ఉండదు, యూనిట్ పని చేయదు. ఆ సమయంలో నాకింగ్ వస్తోందంటే మూల టైమింగ్ మరీ ముందుకు ఉండి ఉండాలి, లేదా సన్న స్ప్రింగ్ సాగిపోయి ఉండాలి. పెట్రోల్ రకం, సిలిండర్ హెడ్‌లో పేరుకున్న మసి కూడా కారణం కావచ్చు. ముందు టైమింగ్ లైట్‌తో 2000 ఆర్‌పీఎం దగ్గర చూడండి. నిదానంగా, సమంగా పోయేటప్పుడు టకటకమంటే అప్పుడు వాక్యూమ్ యూనిట్ వైపు చూడాలి.

ప్రశ్న: అన్నీ బిగించాను. పాయింట్లు కొత్తవి, కండెన్సర్ కొత్తది. అయినా స్పార్కే రావడం లేదు.
– సికింద్రాబాద్ పాఠకుడు

జవాబు: పాయింట్ల టెర్మినల్ దగ్గర ఇన్సులేషన్ వరుస తప్పి ఉంటుంది. మధ్యలోని పిల్లర్ ఎర్త్. దాని చుట్టూ కదిలే పాయింట్ స్ప్రింగ్, దాన్ని అంటుకుని కాయిల్ వైరు కన్ను, కండెన్సర్ వైరు కన్ను, వాటిలోంచి పిల్లర్ మీదికి దిగే అంచున్న ప్లాస్టిక్ తొడుగు, ఆపైన నట్. కళ్లు రెండూ స్ప్రింగ్‌ను తాకాలి, పిల్లర్‌నూ నట్‌నూ తాకకూడదు. ఒకటి తొడుగు పైకి వచ్చి నట్‌ను తాకినా మొత్తం షార్ట్. పాత పద్ధతి రెండు ముక్కల పాయింట్లలో, కదిలే చెయ్యి కింద ఫైబర్ వాషర్ కూడా ఉంటుంది, అది పాత పాయింట్లతోపాటు చెత్తలోకి పోతుంటుంది.

నిర్ధారించుకోవడానికి కాయిల్‌కు డిస్ట్రిబ్యూటర్ వైపున్న టెర్మినల్ నుంచి ఎర్త్‌కు 12 వోల్టుల బల్బు పెట్టండి. ఇగ్నిషన్ వేసి ఇంజిన్ చేత్తో తిప్పితే, పాయింట్లు తెరుచుకున్నప్పుడు వెలగాలి, మూసుకున్నప్పుడు ఆరాలి. ఎప్పుడూ ఆరే ఉంటే, కాయిల్‌కు కరెంట్ అందుతోందో చూసుకోండి. అందుతుంటే పైన చెప్పిన షార్టే, లేదా కండెన్సర్ లోపల షార్ట్. కండెన్సర్ వైరు విప్పి మళ్లీ చూడండి. ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పాయింట్లు కరెంట్ పట్టడం లేదు: కొత్త పాయింట్లకు పూసిన నూనె తుడవలేదు, లేదా కదిలే ప్లేట్ నుంచి బాడీకి వెళ్లే చిన్న ఎర్త్ వైరు తెగింది. ఈ వైరు బట్టలో చుట్టిన మెత్తని సన్నతీగల అల్లికతో ఉంటుంది. వాక్యూమ్ లాగిన ప్రతిసారీ వంగుతుంది కాబట్టి మామూలు వైరు వేస్తే కొన్నాళ్లకే లోపల తెగుతుంది. పాత డిస్ట్రిబ్యూటర్లలో ఒకటి బాగుంటే అదే వాడండి.

కండెన్సర్ విషయంలో ఒక మాట. విలువ 0.18 నుంచి 0.24 మైక్రోఫారడ్ మధ్య ఉండాలి. పాత సామాన్లలోంచి ఎంతకాలం నుంచో పడి ఉన్నదాన్ని వేయకండి. మీ బండిలో బాగా నడుస్తున్నదాన్ని మాత్రం, కేవలం పాతదని తీసేయకండి.

ప్రశ్న: పాయింట్లు తరచూ కాలిపోతున్నాయి. కండెన్సర్ మార్చినా అంతే.
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: కాయిల్ ప్రైమరీ రెసిస్టెన్స్ కొలవండి. బయట బల్లాస్ట్ (కరెంట్ తగ్గించే రెసిస్టర్) లేని బండికి సుమారు 3 ఓములు ఉండాలి, అప్పుడు పాయింట్ల గుండా 4 ఆంపియర్లు పోతాయి. బల్లాస్ట్‌తో వాడే కాయిల్ 1.5 ఓములే. దాన్ని నేరుగా 12 వోల్టులకు కలిపితే 8 ఆంపియర్లు. పాయింట్లు కాలేది అందుకే, కాయిల్ కూడా వేడెక్కుతుంది.

ప్రశ్న: లండన్‌లో ఉంటాను, మోరిస్ మైనర్ ఉంది. కొత్త రోటర్ వేశాక ఇంజిన్ వేడెక్కితే మిస్ కొడుతోంది.
– లండన్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కొత్త రోటర్లలో ప్లాస్టిక్ నాణ్యత తక్కువైనవి ఉన్నాయి. ఇత్తడి రేకును రివెట్‌తో కొట్టిన రకంలో, రివెట్ కొస నుంచి కింద షాఫ్ట్‌లోకి స్పార్క్ దూకుతుంది. వేడి మీదే చూడండి. క్యాప్ తీసి, కాయిల్ నుంచి వచ్చే వైరు కొసను ఇన్సులేటెడ్ పట్టుకారుతో రోటర్ రేకుకు 3 మి.మీ. దూరంలో పట్టుకుని, ఇగ్నిషన్ వేసి పాయింట్లను తెరవండి. గట్టి స్పార్క్ దూకితే రోటర్ లీక్ అవుతోంది. పాత రోటర్ పగలకపోతే అదే తిరిగి వేయండి. రివెట్ లేని రోటర్లు కూడా దొరుకుతాయి. క్యాప్ మధ్యలోని కార్బన్ బ్రష్ స్ప్రింగ్ మీద పైకీ కిందికీ కదులుతోందో లేదో అదే పనిగా చూడండి.

ప్రశ్న: గ్యాప్, టైమింగ్ ఏది ముందు పెట్టాలి? రోటర్ ఏ దిక్కున పెట్టాలో కూడా చెప్పండి.
– కర్నూలు పాఠకుడు

జవాబు: గ్యాప్ ముందు. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందుగా తెరుచుకుంటాయి, టైమింగ్ ముందుకు జరుగుతుంది. తగ్గితే వెనక్కి. అందుకే టైమింగ్ పెట్టాక గ్యాప్ ముట్టుకుంటే మళ్లీ మొదటికి రావాలి. డ్వెల్ మీటర్ (పాయింట్లు ఎన్ని డిగ్రీలు మూసుకుని ఉంటాయో చూపేది) ఉంటే 25డీ4కు 60 డిగ్రీలు, మూడు అటూ ఇటూ. ఫీలర్ గేజ్‌తో నాలుగు కామ్ మూలల మీదా చూడండి. ఒక మూల మీద 0.40, మరో మూల మీద 0.30 వస్తే షాఫ్ట్ వంగింది లేదా బుష్ అరిగింది, స్క్రూ తిప్పి సరిచేయలేరు.

స్పార్క్ పడే సిలిండర్ల వరుస 1-3-4-2. పైనుంచి చూస్తే అంబాసిడర్ రోటర్ గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిరుగుతుంది. మొదటి సిలిండర్ కంప్రెషన్ మీద ఉన్నప్పుడు రోటర్ ఎటు చూపిస్తే అక్కడ మొదటి వైరు, అక్కడి నుంచి ఎదురు దిక్కున 3, 4, 2. సన్న సర్దుబాటు చేసే చిన్న గుండ్రటి నట్‌ను మధ్యలో ఉంచి, బాడీ తిప్పి మాన్యువల్ చెప్పిన టైమింగ్‌కు తెచ్చి క్లాంప్ బిగించండి. ఇక చిన్న మార్పులు ఆ నట్‌తోనే. చివరగా కామ్ మూలలకు పలచగా గ్రీజు పూయండి, రోటర్ కింద స్క్రూ మీద రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేయండి. గ్రీజు ఎక్కువైతే పాయింట్ల మీద చిమ్మి నల్లబడుతుంది. పూర్తిగా లేకపోతే పాయింట్ కాలు అరిగి గ్యాప్ మూసుకుపోతుంది, టైమింగ్ వెనక్కి పోతుంది.